మాలకీ పొలం మీదుగా దారి

కమిటీలంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. నలుగురు కూర్చుని టీ తాగి, పోయినసారి ఏమనుకున్నామో చదువుకుని, వచ్చేసారి ఎప్పుడు కూర్చోవాలో తేల్చుకుని లేచిపోవడమే కమిటీ. డింఫ్నా నా ఆడపడుచు కాకపోయి ఉంటే ఈ తీరం దారి గొడవలో నేను వేలు కూడా పెట్టేదాన్ని కాదు.

అడిగింది పెద్దదేం కాదు. మా ఊరు డూనవర్‌లో వంతెన దగ్గర మొదలై, సముద్రం అంచునే సాగి, పడవల రేవు దగ్గర తేలే ఒక దారి. నడిచేవాళ్ళు నడుస్తారు, సైకిలున్నవాళ్ళు తొక్కుకుంటారు. ఇప్పుడున్న రోడ్డుకి అటూ ఇటూ రాతి గోడలే తప్ప పక్కకి తప్పుకునే చోటు లేదు. చేపల లారీ ఎదురైతే మనిషి గోడకి అతుక్కుపోవాలి. నా చిన్న ఆడపడుచు యూనా, చర్చిలో పాటల సాధన ముగించుకుని నడిచి వస్తూ, మాలకీ హెనగన్ పొలం పక్క మలుపులో అలా అతుక్కోలేకపోయింది. నవంబరు సాయంత్రం, వాన. లారీవాడు గొర్రె అనుకున్నాడట.

యూనాని పాతిపెట్టిన మర్నాడే డింఫ్నా ఈ దారి మాట ఎత్తింది. అప్పుడు ఆమె జుట్టు ఎర్రగా ఉండేది. ఇప్పుడు నాకంటే ఎక్కువ నెరిసింది.

ప్రభుత్వం డబ్బివ్వనని ఎప్పుడూ అనలేదు. అనేస్తే బాగుండేది, ఏడ్చి ఊరుకునేవాళ్ళం. దారి అసలు సాధ్యమేనా అని తేల్చడానికి ముందు ఒక గ్రాంటు ఇచ్చారు. సాధ్యమే అని తేలింది. ఆ సంగతి మా ఊరి గొర్రెలకి కూడా తెలుసు, రోజూ అటే పోతాయి. తరవాత నక్ష గీయడానికి ఇంకో గ్రాంటు. ఆ పైన చలికాలంలో వచ్చి వాలే అడవి బాతుల్ని లెక్కపెట్టడానికి మరొకటి. లెక్కపెట్టే ఆయనకి ఆ చలికాలం జబ్బు చేసింది, బాతులు ఆయన కోసం ఆగలేదు, ఏడాది పోయింది. బాతుల లెక్క తేలేసరికి నక్షకి కాలం చెల్లిందన్నారు. ఈలోగా ప్రభుత్వం మారింది, గ్రాంటు పేరు మారింది, దరఖాస్తు మళ్ళీ మొదటి పేజీ నుంచి నింపమన్నారు. ప్రతి గ్రాంటుకీ ఊరి వాటా ఊరు వేసుకోవాలి కదా, దానికోసం కేకులమ్మారు, లాటరీ టికెట్లమ్మారు, క్రిస్మస్ నాడు గడ్డకట్టే సముద్రంలో దూకి చందాలడిగారు. నేను దూకలేదు. నా దుకాణంలో గల్లా పక్కన డబ్బా పెట్టాను, చాలదా?

డింఫ్నా మాత్రం రోజూ సాయంత్రం నా వంటగదిలో కూర్చుని ఆ దరఖాస్తులు నింపుతూనే ఉండేది. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, "వదినా, 'ఈ పథకం వల్ల సమాజానికి కలిగే లాభం' అని మళ్ళీ అడిగారే, ఈసారి ఏం రాయను?" అనేది.

"మనుషులు చావరు అని రాయి," అనేదాన్ని.

"అది పోయినసారి రాశాను. చాలదన్నారు."

ఈ వసంతంలో నా తుంటి ఎముక మార్చడానికి పట్నం ఆసుపత్రిలో చేరాను. అక్కడినుంచి మళ్ళీ నడక నేర్పే కేంద్రానికి పంపారు. నేను లేని ఆ కొన్ని వారాల్లోనే ఊళ్ళో రెండు పనులు జరిగిపోయాయి. దారి చూసి డబ్బు ఇవ్వాలో వద్దో చెప్పడానికి డబ్లిన్ నుంచి ఒక పెద్ద ఉద్యోగి వచ్చి వెళ్ళాడు. అదే వారం మాలకీ వాళ్ళమ్మ విన్నీ నిద్రలో పోయింది. నేను రెండింటికీ లేను. విన్నీకి లేకపోవడం నన్ను బాగా బాధపెట్టింది. నా పెళ్ళి కేకు ఆవిడే చేసింది.

కర్ర పట్టుకుని ఇంటికి తిరిగొచ్చిన రోజు డింఫ్నా గుమ్మంలోనే నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"వదినా, ఇచ్చేశారు. మొత్తం డబ్బు. వంతెన నుంచి రేవు దాకా."

"మరి ఆ మొహం ఏమిటి?"

"మాలకీ ఒప్పుకోనంటున్నాడు."

నేను కర్ర గోడకి ఆనించి కూర్చున్నాను. పొలాలవాళ్ళందరి సంతకాలూ జూన్ ఆఖరులోగా డబ్లిన్ చేరాలి, లేకపోతే డబ్బు ఇంకో జిల్లాకి పోతుంది. అందరూ పెట్టేశారు. మధ్యలో మాలకీ పొలం ఒక్కటే మిగిలింది. ఆ పొలం లేకపోతే దారి రెండు ముక్కలు. నడిచేవాళ్ళు అక్కడ మళ్ళీ రోడ్డెక్కాలి, సరిగ్గా యూనా పోయిన మలుపులో.

"వాడు ఎప్పుడో మాటిచ్చాడు కదే? విన్నీ కూడా వింది. నేనూ అక్కడే ఉన్నాను."

"ఇచ్చాడు. ఇప్పుడు వద్దంటున్నాడు. ఎందుకంటే చెప్పడు. వద్దు, అంతే." డింఫ్నా టీ పోసుకుంది, తాగలేదు. "నాకు ఓపిక లేదు వదినా. నిజంగా లేదు. ఇంకో దరఖాస్తు నింపమంటే నేను ఆ సముద్రంలో దూకేస్తాను, చందాలకి కాదు."

మర్నాడు ముగ్గురం మాలకీ ఇంటికి వెళ్ళాం. మూడోమనిషి కోల్మన్, కమిటీ అధ్యక్షుడు, ఊళ్ళోని బారు అతనిదే. నాలుగు మాటలు మాట్లాడాల్సిన చోట నలభై మాట్లాడతాడు. చెడ్డవాడు కాడు. మాలకీతో కలిసి చదువుకున్నాడు, కలిసి ఫుట్‌బాల్ ఆడాడు.

మాలకీ దొడ్లో దూడలకి మేత వేస్తున్నాడు. మమ్మల్ని చూసి బకెట్ కింద పెట్టాడు గానీ లోపలికి రమ్మనలేదు. మా వైపు అప్పులవాళ్ళని కూడా దొడ్లో నిలబెట్టరు. ఒక టీ పోశాకే తిట్టుకుంటారు. డింఫ్నా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరేయ్ మాలకీ, నీ దూడల గురించే కదా భయం?" కోల్మన్ మొదలెట్టాడు. "రెండు వైపులా కంచె వేయిస్తాం. మంచి కంచె, తుప్పు పట్టనిది. దూడలు నీళ్ళకి పోవడానికి కిందనుంచి తూము కూడా పెట్టిస్తాం, నక్షలో రాయించేశా. ఎవడైనా కాలు జారి పడితే ఆ బాధ్యత జిల్లావాళ్ళది, నీది కాదు. ఇంకేం కావాలి చెప్పు?"

"ఏం వద్దు."

"గేటు కావాలా? రెండు గేట్లు పెట్టిద్దామా?"

"వద్దన్నాను కోల్మన్."

"ఎందుకు వద్దో ఒక ముక్క చెప్పరా బాబూ! చిన్నపిల్లాడిలా..."

మాలకీ అతనికేసి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు ఇంత దిగులేసేది కాదు. ఉత్త అలసట కనిపించింది. బకెట్ మళ్ళీ ఎత్తుకున్నాడు. అప్పుడు నేను కర్ర ఊతంగా ముందుకెళ్ళి చెయ్యి చాచాను.

"విన్నీ సంగతి ఆసుపత్రిలో విన్నాను మాలకీ. నీకు వచ్చిన కష్టానికి నాకు చాలా బాధగా ఉంది. రాలేకపోయాను."

అతను నా చెయ్యి పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు. "నువ్వు ఊళ్ళో లేవు కదా నోరీన్," అన్నాడు. "తుంటి ఎట్లా ఉంది? ఈ చిత్తడిలో ఎందుకు వచ్చావు?"

నాతో మాట్లాడినంత మెత్తగా వాళ్ళతో మాట్లాడలేదు. ఊళ్ళో లేనందుకు నన్ను క్షమించాడు, మరి ఉన్నవాళ్ళ మీద ఏమిటి కినుక? దారి పొడుగునా అదే నన్ను తినేసింది. కోల్మన్ మాత్రం కారు నడుపుతూ, "డబ్బు లాగుదామని చూస్తున్నాడు, అంతే," అన్నాడు.

"నోర్ముయ్ కోల్మన్," అన్నాను. "మాలకీ ఎవరి దగ్గర ఏం లాగాడు ఇన్నేళ్ళలో?"

బారు దగ్గర ఆగాం. ఇంకా తెరవలేదు, లోపల డింఫ్నా మొగుడు ఫెలిమ్ కొత్త బీరు పీపా బిగించడానికి సాయం చేస్తున్నాడు. టీ పెట్టారు. నేను విన్నీ అంత్యక్రియలు ఎట్లా జరిగాయో చెప్పమన్నాను. అన్నీ బాగా జరిగాయన్నారు. చర్చి నిండిపోయిందట, ఫాదర్ బాగా మాట్లాడాడట, పందిమాంసం పెట్టిన రొట్టెలు మిగిలిపోయాయట.

"గొయ్యి ఎవరు తవ్వారు?" అన్నాను. ఊరికే అడిగాను, ఎవరి పేరెత్తినా ఒక కథ వస్తుంది కదా అని.

"మనవాళ్ళే," అన్నాడు కోల్మన్.

"మనవాళ్ళంటే?"

"ఇదిగో, ఫెలిమ్ ఉన్నాడుగా. ఏ చావుకైనా మొదట పార తీసేది వాడే."

ఫెలిమ్ పీపా వదిలి తలెత్తాడు. "నేనా? నేను ఆ రోజు రేవు దగ్గర ముళ్ళపొదలు కొడుతున్నానయ్యా, నువ్వేగా పంపించావు. క్విన్ అన్నదమ్ములు వెళ్ళారనుకున్నాను."

"క్విన్‌లు వంతెన దగ్గర రాళ్ళెత్తారు. నా పక్కనే ఉన్నారు పొద్దుగూకేదాకా."

"మరి?"

మా వైపు గొయ్యి తవ్వమని ఎవరూ ఎవర్నీ అడగరు. మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్ళు అడగకూడదు, వాళ్ళు పార ముట్టుకోకూడదు. కబురు విన్న ఇరుగుపొరుగు మగవాళ్ళు తెల్లారగానే పారలు పట్టుకుని శ్మశానానికి వచ్చేస్తారు. ఇంటివాళ్ళు గోడ మీద ఒక విస్కీ సీసా, రొట్టెలు పెట్టి వెళ్ళిపోతారు. పిలవాల్సిన పని ఎప్పుడూ పడలేదు కాబట్టి పిలిచే పద్ధతే మాకు లేదు.

"డబ్లిన్ ఆయన ఒక రోజు ముందే వస్తున్నానన్నాడు నోరీన్," కోల్మన్ గొంతు తగ్గింది. "దారంతా ముళ్ళు, రాళ్ళు. ఆయన కాలు మెలిపడితే అంతా పోయినట్టే. చేతిలో పార ఉన్న ప్రతివాణ్ణీ తీరం మీదికి తోలాను. గొయ్యి సంగతి మనవాళ్ళు చూసుకుంటారు అని ముందురోజు ఇక్కడే అన్నాం. అందరం తలలూపాం."

"ఎవరా మనవాళ్ళు?"

"మర్నాడు అంత్యక్రియలకి వెళ్ళేసరికి గొయ్యి ఉంది నోరీన్! చక్కగా, అంచులు కోసినట్టు. ఎవరో తవ్వారు కదా!"

"అదే అడుగుతున్నాను, ఎవరు?"

డింఫ్నా కప్పు బల్లమీద పెట్టింది. "యూనాకి," అంది, ఆగింది. "యూనాకి అందరికంటే ముందొచ్చింది మాలకీయే. ఆ వానలో. నేను సీసా పెట్టడానికి వెళ్తే అప్పటికే మోకాళ్ళ లోతు తవ్వేశాడు. నన్ను చూసి, ఇంటికెళ్ళమ్మా, ఇక్కడ నీకేం పని లేదు అన్నాడు."

ఫెలిమ్ చేతుల్లో మొహం దాచుకున్నాడు. అతనూ మాలకీ పక్కపక్కన నిలబడి ఈ ఊళ్ళో ఎంతమందికి తవ్వారో వాళ్ళకే తెలియదు.

ఆ సాయంత్రమే డింఫ్నా నన్ను తీసుకుని మళ్ళీ వెళ్ళింది. కోల్మన్ వస్తానంటే నేనే వద్దన్నాను. ఫెలిమ్ కారు నడిపాడు గానీ గేటు దగ్గరే ఆగిపోయాడు, దిగడానికి మొహం చెల్లలేదు. ఈసారి మాలకీ తలుపు తీసి నా తుంటికేసి చూసి, "లోపలికి రండి," అన్నాడు. పొయ్యి వెలుగుతోంది. విన్నీ కుర్చీలో పిల్లి పడుకుంది. మేం ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

డింఫ్నా మాట చుట్టూ తిప్పలేదు. "నువ్వే తవ్వావా మాలకీ?" అంది.

అతను కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. మాకు వీపు పెట్టే మాట్లాడాడు.

"పొద్దున్నే సీసా పట్టుకెళ్ళాను. గ్లాసులు కడిగి గోడ మీద బోర్లించాను. నేను అక్కడ ఉండకూడదు కదా, వచ్చేశాను. మధ్యాహ్నం రొట్టెలు పట్టుకెళ్తే, సీసా మూత కూడా తీయలేదు. గడ్డి గడ్డిలాగే ఉంది." కప్పులు తీశాడు. "ఆ శ్మశానం మిట్ట మీదనుంచి తీరమంతా కనబడుతుంది డింఫ్నా. మీరందరూ కనబడ్డారు. పారలు ఎండకి మెరుస్తున్నాయి. గాలి అటునుంచి వీస్తోంది, ఫెలిమ్ నవ్వు కూడా వినబడింది."

"పిలిస్తే మేం పరిగెత్తుకొచ్చేవాళ్ళం," అంది డింఫ్నా. ఏడుస్తోంది.

"ఏమని పిలవను? మా అమ్మ చచ్చిపోయింది, మీరు మర్చిపోయారా అనా?" అప్పుడు మావైపు తిరిగాడు. "శవపెట్టెవాళ్ళు ఫోన్ చేసి గొయ్యి అయిందా అన్నారు. అయిందన్నాను. ఇంకేం చెప్తాను? ఇంటికొచ్చి నా పార తీసుకెళ్ళాను. అక్కడ రాయెక్కువ. చీకటి పడేదాకా పట్టింది. మా నాన్నని పెట్టిన చోటే కదా, ఆయన ఎముకలు తగిలాయి, వాటిని కూడా నేనే పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. కొడుకు చెయ్యాల్సిన పనా అది?"

కాదు. ఆ పని కొడుకు చేతుల్లో పడకూడదనే కదా ఇరుగుపొరుగు ఉండేది. నాకు ఆ క్షణంలో దారి మీద, గ్రాంటు మీద, ఒకరోజు ముందొచ్చిన ఆ డబ్లిన్ ఆయన మీద, అందరి మీదా అసహ్యమేసింది. కానీ ఆయనకేం తెలుసు, పాపం. నడుస్తుంటే ముళ్ళు లేవని మెచ్చుకుని వెళ్ళాడు.

"తప్పు నాది," అంది డింఫ్నా. "నేనే అందర్నీ తొందరపెట్టాను. నాకు ఆ దారి తప్ప ఇంకేం కనబడలేదు."

"దారి మీద నాకేం కోపం లేదు. యూనా పోయిన మలుపు ఆ కిటికీలోంచి రోజూ చూస్తాను." మాలకీ టీ పోశాడు, డింఫ్నాకి చక్కెర కూడా తనే వేశాడు. "గొయ్యి ఎవరు తవ్వారని ఒక్కళ్ళైనా అడుగుతారేమో అని చూశాను. చర్చిలో అందరూ నా చెయ్యి పట్టుకున్నారు. తరవాత కంచె అన్నారు, గేట్లన్నారు, తూమన్నారు. ఆ మాట మాత్రం ఎవరూ అడగలేదు. కాగితం తెచ్చావా?"

"తేలేదు. కాగితం కోసం రాలేదు."

"రేపు నోరీన్ దుకాణంలో పెట్టు. వస్తాను."

మర్నాడు అన్నమాట ప్రకారం వచ్చాడు. కోల్మన్, ఫెలిమ్, డింఫ్నా అప్పటికే దుకాణంలో ఉన్నారు, ఉతికిన బట్టల్లో, బడిపిల్లల్లా బల్లకి ఒక పక్కగా. రొట్టెల మధ్య కాగితం పెట్టాను. మాలకీ చదవకుండా సంతకం చేశాడు.

కోల్మన్‌కి ఆ రోజు నలభై మాటల్లో ఒక్కటీ దొరకలేదు. "ఒరేయ్ మాలకీ... మేము..." అని ఆగిపోయాడు.

"అయిపోయింది కోల్మన్. దాని గురించి ఇంక వద్దు." మాలకీ కలం మూత పెట్టి నాకిచ్చాడు. గొంతులో కరుకుదనం లేదు, వాతావరణం గురించి చెప్తున్నట్టే చెప్పాడు. "మీకో సంగతి చెప్పాలి. పొద్దున పట్నం వెళ్ళి ఒకతనితో మాట్లాడుకుని వచ్చాను. అతని దగ్గర చిన్న మెషినుంది. గొయ్యి గంటలో తవ్వేస్తాడట. నాకు ఎవరూ లేరు కదా, నేను పోతే ఫాదర్ అతనికి ఫోన్ చేస్తాడు. మీరెవరూ శ్రమపడొద్దు."

"మాలకీ, అట్లా అనకురా," అన్నాడు ఫెలిమ్. "నేనుండగా..."

"వద్దు ఫెలిమ్. చెప్పేశాను." అతని భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా నొక్కి, తీసేశాడు. పాలు, దినపత్రిక తీసుకుని నాకు డబ్బిచ్చి వెళ్ళాడు.

వాళ్ళు ముగ్గురూ నిలబడ్డచోటే నిలబడ్డారు. ఇన్నేళ్ళు ఆ ఒక్క కాగితం కోసం తిరిగిన డింఫ్నా దాన్ని తాకలేదు. నేనే మడిచి కవరులో పెట్టి, తపాలా బండి వచ్చినప్పుడు ఇచ్చేశాను.

డబ్బు వచ్చింది. దారి పడుతోంది, బాగానే పడుతోంది. వచ్చే వేసవికి పిల్లలు బడికి దాని మీదుగానే నడుస్తారు, లారీలు తమ రోడ్డున తాము పోతాయి. ఫెలిమ్ మాత్రం ఈమధ్య చావు కబురు వస్తే చీకటుండగానే లేచి శ్మశానం గోడ దగ్గర నిలబడుతున్నాడు. మాలకీ కూడా వస్తాడు. ఇద్దరూ ఒకే గోతిలో దిగి తవ్వుతారు, సీసాలోంచి చెరిసగం తాగుతారు. మాట ఒక్కటి ఉండదు. మాలకీ పోయే రోజున మాత్రం మా ఊరి మగవాళ్ళు పారలు ఇంట్లో పెట్టి, మెషిన్ చప్పుడు వింటూ కూర్చోవాలి.